నా ఓడను ఎవరూ బోర్లించలేదు

ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా చేతి పని చూసి "చాలా బాగుందండీ" అన్నవాళ్ళను, ఏం బాగుందో చెప్పండి అని నిలదీస్తాను. ఇంటికొచ్చిన చుట్టాలు నా చేపల పులుసును కూడా భయపడుతూ మెచ్చుకుంటారు. ఈ రోగం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఇల్లందులో ఉన్న రోజుల్లో, ఓడల షెడ్డులో అంటుకుంది.

ఓడలంటే నిజమైనవి కావు. మూరెడో మూరన్నరో పొడవుండే బొమ్మ ఓడలు. సముద్రం మొహమే ఎరగని ఆ బొగ్గు ఊళ్ళో కొందరు మగవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఒక రేకుల షెడ్డులో చేరి ఓడలు చెక్కుకునేవారు. ఇళ్ళల్లో టేప్ రికార్డర్లు మూలపడి సీడీలు వస్తున్న కాలం. పాడైన టేప్ రికార్డర్ మోటారు దొరికితే చాలు, దాన్ని ఓడలో పెట్టి నీళ్ళ మీద పరుగెత్తించేవారు. పేకాట ఆడుకోవచ్చు, మందు తాగొచ్చు. ఆ రెండూ మాని వాళ్ళు పొనికి కర్ర చెక్కేవారు. పొనికి అంటే బొమ్మలు చేసే తేలిక కర్ర. అడవి పల్లెల నుంచి అంగడికి కట్టెలు తెచ్చేవాళ్ళను అడిగితే దొరికేది.

షెడ్డు పెద్దను అందరూ సరంగు అనేవారు. వయసులో ఉండగా భద్రాచలం దగ్గర గోదావరిలో లాంచీ నడిపాడట. లాంచీ నడిపేవాణ్ణి అక్కడ అలాగే అంటారు. తర్వాత గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, రిటైరై, ఇంటి వెనక ఆ షెడ్డు వేసుకున్నాడు. ఇంకొకాయనకు ఫొటో స్టూడియో ఉండేది. ఇంటర్నెట్ సెంటరుకు పోయి రకరకాల ఓడల బొమ్మలు ప్రింటు తీయించుకొచ్చేది ఆయనే. మరొకాయన హిందీ సారు. ఇంతే మొదట్లో.

నేను దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఫొటోలు తీయించుకుందామని స్టూడియోకు పోయినప్పుడు కౌంటర్ మీద ఒక తెరచాప ఓడ కనబడింది. దాని తాళ్ళు జుట్టంత సన్నంగా, ఒక్కటీ వదులు లేకుండా ఉన్నాయి. నా ఫొటో సంగతి మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎందుకంత పిచ్చి పట్టిందంటే చెప్పలేను. రోజంతా మనుషుల రక్తం, ఉచ్చ చూసేదానికి కాస్త చెక్క వాసన కావాలనిపించిందేమో. ఆ వారమే చర్చినుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, షెడ్డుకు పోయాను. మా ఆయన గనిలో ఓవర్‌మన్. మగవాళ్ళ మధ్య నీకేం పని అనలేదు, చేతులు కోసుకోకు అన్నాడంతే.

షెడ్డులో నన్ను మహారాణిలా చూశారు. అందరూ గోనెసంచులు పరుచుకునో, చిన్న పీటలమీదో కూర్చుని పొడవాటి బల్ల మీద పని చేసుకుంటుంటే, నాకు మాత్రం సరంగు ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ వచ్చేది. టీ మొదట నాకే. వెనక గోడకు వరసగా మేకులుండేవి. ఒక్కో మేకుకు ఒక్కొక్కరి ఉలి, ఆకురాయి వేలాడేవి. మేకు ఊరికే ఇవ్వరు. ఏటా జనవరిలో ఒక ఆదివారం ఊరి బయట పాత ఓపెన్ కాస్ట్ గుంటలో ఓడల్ని వదిలేవారు. బొగ్గు తవ్వి వదిలేసిన ఆ గుంటలో నీళ్ళు నిలిచి, చుట్టూ మట్టిగుట్టలు అడ్డంగా ఉండడంతో గాలి తగలక నీళ్ళు కదలకుండా ఉండేవి. ఎవరి ఓడ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటితే వాళ్ళకు గోడ మీద మేకు, బల్ల దగ్గర చోటు. అప్పటిదాకా వాళ్ళు చూడవచ్చినవాళ్ళ కిందే లెక్క. నాకు ఆ మేకు కావాలి. దవాఖానాలో ప్రమోషన్ కోసం కూడా నేను అంతగా ఆశపడలేదు.

వాళ్ళ దగ్గర నేర్చుకున్నది లేదంటే కళ్ళు పోతాయి. దారానికి కొవ్వొత్తి మైనం రుద్దితే నూగు లేవదని హిందీ సారు చెప్పాడు. వెదురు బద్దను వేడినీళ్ళలో నానబెట్టి, వంచి, ఇటుక పెట్టి ఆరనిస్తే వంపు నిలుస్తుందని స్టూడియో ఆయన చూపించాడు. నేనూ ఊరికే లేను. స్లైడ్ల మీద పెట్టే పల్చటి గాజు ముక్కలు పగిలినవి తెచ్చి ఓడ కిటికీలకు అతికించి చూపించాను. సిరంజి సూదుల మొనలు విరగ్గొట్టి ఓడ అంచున కటకటాలు ఎలా నిలబెట్టొచ్చో చేసి చూపించాను. రెండు నెలలు తిరక్కుండానే షెడ్డులో ప్రతి ఓడకూ నా గాజు కిటికీలే. సరంగు తన స్టీమరును ఎండకు పట్టి, మన చెల్లె చిట్కా అని అందరికీ చూపించుకునేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

ఆ షెడ్డుకు ఒక పద్ధతి ఉంది. కొత్త ఓడ ఎవరు తెచ్చినా ముందు దాన్ని బోర్లిస్తారు. పైన ఎంత సింగారించావో ఎవరికీ పట్టదు. ఓడ అడుగున ఈ కొస నుంచి ఆ కొసదాకా పోయే వెన్నుకర్రను ఒక కన్ను మూసి, తుపాకి గురి చూసినట్టు చూస్తారు. వేలిముడితో కొట్టి ఎక్కడ బోలుగా ఉందో వింటారు. ఆ తర్వాత తిట్లు మొదలవుతాయి. తిట్లతోపాటే చిట్కాలు. లప్పం ఇంత మందంగా ఎవడు పూయమన్నాడు, ఇక్కడ గరుకు కాగితం రుద్దకుండా నిద్రపోయావా అంటూ.

నా తర్వాత కొన్నాళ్ళకు ఒక బస్సు కండక్టర్ చేరాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు. పాపం అతని మొదటి ఓడను బోర్లించగానే సరంగు నోరు విప్పాడు.

"గిదేందిరా, ఓడనా, బర్లకు కుడితి పోసే తొట్టినా? కింద బరువేది? నీళ్ళల్ల ఇడిస్తే మొగం కిందికేసి పండుకుంటది."

కండక్టర్ తల వంచుకుని నవ్వాడు. వారం వారం అతనికి అదే అక్షింతలు. ఒకసారి అతికించిందంతా పీకించి మళ్ళీ మొదట్నుంచి చేయించారు. అతన్ని చూస్తే నాకు జాలేసేది. చెప్పొద్దూ, నా మీద నాకు గర్వంగా కూడా ఉండేది. నేను చేసింది ఏది తెచ్చినా సరంగు రెండు చేతులతో అందుకుని, పూజారి పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుని, చుట్టూ తిప్పి చూసి, "మంచిగుంది చెల్లె, మస్తుగుంది" అనేవాడు. పక్కవాళ్ళకు అందించేవాడు. వాళ్ళూ అదే మాట. ఒక్క తప్పు పట్టేవారు కాదు. తప్పులుంటేగా పట్టడానికి అనుకున్నాను. నన్ను ములగచెట్టు ఎక్కిస్తున్నారని, అది కొమ్మ విరిగినప్పుడు గానీ తెలియదని నాకేం తెలుసు.

నేను చేసింది రెండంతస్తుల లాంచీ, భద్రాచలం వైపు గోదావరిలో తిరిగేలాంటిది. అడుగు పొనికితో చెక్కాను. పైన గదులకు ఏ కర్ర వాడాలని అడిగితే సరంగు స్వయంగా సా మిల్లుకు పోయి టేకు ముక్కలు తెచ్చి ఇచ్చాడు. టేకు అయితే పాలిష్ బాగా పడుతుందన్నాడు. నిజంగానే అద్దంలా వచ్చింది. కిటికీలకు గాజులు, అంచున కటకటాలు, టిచ్ బటన్లతో దీపాలు. ఆయన దాన్ని కళ్ళ ఎత్తున పట్టుకుని చూశాడు. తర్వాత, నా కాలంల గిసొంటి లాంచీ నడిపే భాగ్యం నాకు లేకపాయె అన్నాడు. ఆ రోజు ఇంటికి నడిచి పోయానో ఎగిరి పోయానో తెలియదు.

జనవరి వచ్చింది. ఆరాధన కాగానే తిన్నగా గుంట దగ్గరకు పోయాం. మా ఆయన షిఫ్టు మార్చుకొని వచ్చాడు. నేను ఊరుకుంటేగా, చర్చిలోనూ దవాఖానాలోనూ దండోరా వేశాను. పాస్టరమ్మ, ఇద్దరు నర్సులు, మా పక్కింటి వాళ్ళు, అందరూ గట్టు మీద నిలబడ్డారు. స్టూడియో ఆయన కెమెరా తెచ్చాడు.

మొదట సరంగు స్టీమరు దాటింది. హిందీ సారు ఓడ కొంచెం పక్కకు పోయినా దాటింది. కండక్టర్ ఓడ చూడ్డానికి దరిద్రంగా ఉంది, రంగు కూడా సరిగ్గా అంటలేదు. అయితేనేం, ముక్కుసూటిగా, ఎవరిమీదో పంతం పట్టినట్టు అవతలి గట్టుకు పోయి తగిలింది. అందరూ అతని వీపు చరిచారు. అప్పుడు నా వంతు.

నా లాంచీని నీళ్ళలో పెట్టి, రెండు చేతులూ దాని పక్కన ఉంచాను. నిలబడింది. మోటారు వేశాను. చేతులు తీశాను. ఒక్క క్షణం కదిలిందో లేదో, పైభాగం నెమ్మదిగా ఒక పక్కకు వాలింది. అయ్యో అని చెయ్యి చాపేలోపు తిరగబడింది. టేకు గదులు, గాజు కిటికీలు అన్నీ కిందికి పోయాయి. అడుగు పైకి తేలింది. ఇన్నాళ్ళూ ఒక్కరూ తిప్పి చూడని నా ఓడ అడుగును ఊరంతా చూసింది. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.

నవ్వినా బాగుండేది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. సరంగు నా దగ్గరకు వచ్చి, "ఏం గాదు చెల్లె. ఆడిమనిషివై గింత చేసినవ్, గదే గొప్ప" అన్నాడు. మిగతావాళ్ళు అవునవునని తలలూపారు. పాస్టరమ్మ కూడా నా భుజం తట్టింది. మెచ్చి మేకతోలు కప్పడమంటే ఏమిటో నాకు ఆ గట్టు మీద అర్థమైంది.

కండక్టర్ ఒక్కడే ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగి, కర్రతో లాంచీని దగ్గరకు లాగి నా చేతికిచ్చాడు. దాని అడుగును తడిమి చూసి, అమాయకంగా అడిగాడు.

"అక్కా, కింద సీసం గుండ్లు పెట్టలేదా? పైన టేకు బరువు, కింద ఉత్త పొనికి. ఎట్ల నిలబడ్తది? నన్నైతే మొదటి దినమే తిట్టిండ్రు గద. మీకు చెప్పలేదా?"

చేపల వలలకు కట్టే సీసం గుండ్లు. ఓడ అడుగున లోపలివైపు అంటిస్తే బరువు కిందికి ఉండి ఓడ నిటారుగా నిలుస్తుంది. షెడ్డులో అందరికీ తెలుసు. అతనికి తెలుసు, వచ్చి ఆరు నెలలు కాలేదు. అతన్ని తిట్టిన రోజు నేనూ అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. కింద బరువేది అన్న మాట విన్నాను కూడా. కానీ అది అతని ఓడ తప్పు, నా ఓడకు ఏ తప్పూ లేదని కదా వాళ్ళు చెబుతూ వచ్చింది. నా చేతుల్లో నీళ్ళు కారుతున్న లాంచీతో సరంగు ముందుకు పోయి నిలబడ్డాను.

"అన్నా, గిది బోర్ల పడ్తదని నీకు తెల్సా?"

ఆయన మట్టిగుట్ట వైపు చూశాడు. తెలుసన్నాడు.

"మరి టేకు నువ్వే ఎందుకు తెచ్చిస్తివి? ఒక్క మాట ఎందుకు చెప్పకపోతివి?"

నువ్వంత మురిపెంగ చేసుకుంటుంటే ఎట్ల చెప్పాలె, మనసు నొస్తదని ఊకున్న అన్నాడు. నాకు ఎక్కడినుంచి వచ్చిందో అంత కోపం. కండక్టర్‌కు మనసు లేదా అని అరిచాను. నా గాజు కిటికీలు మీ ఓడలకు పెట్టుకున్నప్పుడు నేను చెప్పింది పనికొచ్చింది కదా, మీరు చెప్పేది నాకెందుకు దక్కలేదన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. హిందీ సారు నేల చూపులు చూశాడు. నర్సులు నన్నే వింతగా చూశారు. పాపం మంచి మాట చెప్పిన పెద్దాయన్ని పట్టుకుని ఈవిడేంటి అన్నట్టు. మా ఆయన బండి స్టార్ట్ చేసి పిలిచాడు. దారంతా లాంచీ నుంచి నీళ్ళు కారి నా చీర తడిసిపోయింది. పోనీలే, బాగానే చేశావని ఆయన ఓదార్చలేదు. అందుకు ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కొన్ని వారాలు షెడ్డు వైపు పోలేదు. ఆ తర్వాత హిందీ సారు ఇంటికి వచ్చాడు. సరంగు బాధపడుతున్నాడట, రమ్మన్నాడట. సరే అన్నాను. ఒకే ఒక్క షరతు పెట్టాను. నన్ను మెచ్చుకోవద్దు, అందరి ఓడల్లాగే నా ఓడనూ బోర్లించి చూసి తప్పులు చెప్పండి అన్నాను. తప్పకుండా మేడం, అందరికీ చెబుతాను అని ఆయన టీ తాగి పోయాడు.

నేను రెండో ఓడ మొదలుపెట్టాను. చిన్న సరుకుల పడవ. ఈసారి అడుగున సీసం గుండ్లు పెట్టాను, పైన తేలిక కర్రే వాడాను. ఇంట్లో స్నానాల తొట్టిలో నిలబెట్టి చూశాను, నిటారుగా నిలబడింది. అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టింది. నా మాట వాళ్ళు విన్నారో లేదో చూడాలనుకున్నాను. ఆ అడుగును విప్పేసి, వెన్నుకర్రను వేడినీళ్ళలో నానబెట్టి, ఇటుక ఆనించి, ఒక పక్కకు వంచి ఆరబెట్టి మళ్ళీ బిగించాను. మామూలు వంకర కాదు. దాన్ని నీళ్ళలో వదిలితే కుక్క తన తోక కోసం తిరిగినట్టు గుండ్రంగా తిరుగుతుంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ దాన్ని ఒక్కసారి చూసి, "గదేంది, వంకరున్నది?" అన్నాడు. బొగ్గు తప్ప కర్ర ఎరగని మనిషి, గుమ్మంలోంచే కనిపెట్టాడు.

ఆదివారం తీసుకుపోయాను. నన్ను చూడగానే అందరూ లేచారు. ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. కండక్టర్‌కు గోడమీద మేకు వచ్చింది, అతని ఉలి దానికి వేలాడుతోంది. బల్ల దగ్గర అతను పీట మీద కూర్చుని ఉన్నాడు. నేను పడవను బల్ల మీద పెట్టి, చూస్తూ నిలబడ్డాను.

సరంగు రెండు చేతులతో అందుకున్నాడు. చుట్టూ తిప్పాడు. రంగు ఎంత నున్నగా పడిందో అన్నాడు. స్టూడియో ఆయన తీసుకుని తాళ్ళు చూసి, ఏం ఓపికమ్మా మీకు అన్నాడు. హిందీ సారు, నాకు మాటిచ్చి పోయిన ఆ హిందీ సారు, దాన్ని పట్టుకుని కిటికీలు లెక్కపెట్టాడు. చివరికి కండక్టర్ చేతికి వచ్చింది. అతని చేతులకు అప్పటికే అలవాటైపోయింది, అందుకోగానే బోర్లించబోయాడు. సరంగు అతని మోచేతి మీద చెయ్యి వేశాడు. కండక్టర్ ఆయన మొహం చూశాడు, నా మొహం చూడలేదు. పడవను ఎలా వచ్చిందో అలాగే బల్ల మీద పెట్టి, "మంచిగుంది అక్కా" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. పడవను నేనే బోర్లించి సరంగు కళ్ళముందు పట్టుకున్నాను.

"అన్నా, చూడు. వంకర లేదా?"

"ఉంది చెల్లె."

"కనబడ్డదా నీకు?"

కనబడ్డదన్నాడు. షెడ్డులోకి తెచ్చేటప్పుడే కనబడ్డదన్నాడు. నేను బాధపడకూడదని ఎంతో జాగ్రత్తగా, పసిపిల్లకు అన్నం కలిపి పెట్టినట్టు చెప్పాడు.

"మాయి నీళ్ళల్ల ఉరికేటియి. నీది షోకేసుల పెట్టుకునేది గద చెల్లె. దానికి వంకరుంటె ఏంది?"

హేళన కాదది. గుంట దగ్గర అంత జరిగాక, నేను అన్ని మాటలన్నాక, ఆయన మనసులో నా ఓడ ఇంకా అక్కడే ఉంది. ఆ టేకు ముక్కలు తెచ్చిన రోజు కూడా అక్కడే ఉండి ఉంటుంది, అద్దాల వెనక, పింగాణీ బొమ్మల పక్కన. నన్ను ముంచాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. నా ఓడ నీళ్ళలోకి పోతుందనే అనుకోలేదు. టీ తాగి పో చెల్లె అని కుర్చీ నా వైపు జరిపాడు. నేను కూర్చోలేదు. ఆ మాట సొంత చెల్లెలికి చెప్పినంత ప్రేమగా చెప్పాడాయన. అదే తిట్టి చెప్పి ఉంటే, పోట్లాడేదాన్ని, ఆ షెడ్డు నేను వదిలేదాన్ని కాదు.